పెద్దాయన చెప్పిండు

బొంబాయి కామాటిపురాలో వరుస గదుల మా చాల్‌కి ఒక పెద్దాయన ఉండేవాడు. పాలమూరు నుంచి వచ్చిన వాళ్లందరికీ పని ఇప్పించింది ఆయనే కాబట్టి అక్కడ ఆయన మాటే చట్టం. మా నాన్న ఆయన మాట వినేవాడు. మా అన్న ఇద్దరి మాటా వినేవాడు. బడి మానమంటే మానాడు, తాపీ పట్టమంటే పట్టాడు. బుద్ధిమంతుడని అందరూ మెచ్చుకునేవాళ్లు.

నాకు ఆ పేరు రాలేదు. పదో తరగతి తప్పాక గ్రాంట్ రోడ్ దగ్గర కుట్టుపని నేర్చుకున్నాను, నచ్చలేదు. ఫాక్‌లాండ్ రోడ్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో చేరాను, యజమాని నోటిదురుసు భరించలేక మానేశాను. శనివారం ఉపవాసాలు పట్టి, వదిలేసి, మళ్లీ పరీక్ష కట్టాను. "దీనికి నిలకడ లేదు" అని అమ్మ తల కొట్టుకునేది. కానీ వదిలిన ప్రతిసారీ నాకేది వద్దో, ఎందుకు వద్దో తెలిసేది.

మిల్లుల సమ్మె రోజుల్లో పక్కగదిలో ఉండే, నేను వదినా అని పిలిచే ఆమె భర్త జబ్బుచేసి పోయాడు. వర్లి మిల్లు కార్మికుడాయన. ఆమె ఆసుపత్రిలో ఆయాగా కుదిరింది, రాత్రి డ్యూటీ. పెద్దాయన అందరినీ పిలిచాడు.

"సానికొంపలున్న ఈ గల్లీలల్ల రాత్రిపూట బయటికి పోయే ఆడదాన్ని లోకం ఏమనుకుంటది? మన ఇజ్జత్ పోతది. నౌకరీ ఇడ్సిపెట్టేదాంక ఆమెను నల్ల కాడ నీళ్లు పట్టనియ్యొద్దు."

చాల్ మొత్తానికి ఉన్న ఒక్క కుళాయి ఆ నల్ల. దాని దగ్గర కాపలాకు మా అన్నను పెట్టాడు.

మర్నాడు పొద్దున వదిన డ్యూటీ దిగి, బిందెతో వచ్చింది. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. వరుసలోని ఆడవాళ్లు తలలు దించుకున్నారు. నేను వదిన చేతిలోంచి బిందె తీసుకున్నాను.

"పక్కకు జరుగన్నా."

"వద్దు చెల్లె. పెద్దాయన చెప్పిండు."

"గా సంగతి నాకెర్కనే. నువ్వేమంటవు?"

"నాయిన గూడ గట్లనే అన్నడు."

"నాయినను గాదు, నిన్నడుగుతున్న. వదిన నీళ్లు పట్టుకుంటే నీకు తప్పనిపిస్తుందా?"

అన్న నోరు తెరిచాడు. లోపలంతా వెతుక్కుంటున్నట్టు చూశాడు.

"నాకెర్క లేదే" అన్నాడు మెల్లగా. "నన్నెవ్వరు గిట్ల అడగలే."

చెయ్యి దానంతటదే దిగింది. బిందె నల్ల కింద పెట్టాను. వరుసలో ముందున్న ముసలమ్మ తన బిందెను వెనక్కి జరుపుకుంది. "ఆమెది నిండనియ్యి బిడ్డా. రాత్రంత మేల్కొని వచ్చింది."

సాయంత్రం నాన్న చెయ్యెత్తి మీదికొచ్చాడు.

"కొడితే కొట్టు నాయినా. రేపు గూడ పట్టిస్త."

ఎత్తిన చెయ్యి దించి బయటికి వెళ్లిపోయాడు. రెండో రోజు నా అవసరమే రాలేదు. ఆడవాళ్లే వదినకు దారి ఇచ్చారు. పాటించేవాళ్లు లేని ఆజ్ఞను పెద్దాయన ఒక్కడే నిలబెట్టలేకపోయాడు.

అన్న వెంటనే మారలేదు. గల్లీలో గొంతు పెద్దదైన ఒక నాయకుడి వెంట కొన్నాళ్లు తిరిగాడు, అతని మాటలే అతని గొంతుతో ఇంట్లో వల్లించాడు. తన మాట తనకింకా దొరకనివాడికి ఎవరో ఒకరి ఆజ్ఞ కావాలి, అది నాకు అర్థమైంది. అందుకే తిట్టలేదు. "నువ్వేమంటవు?" అని అడుగుతూనే ఉన్నాను.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్నతో అన్నాడు: "నాకు తాపీ పని వద్దు. టాక్సీ నేర్చుకుంట."

నాన్న చేతిలోని ముద్దను కంచంలో పెట్టాడు. "సరే" అన్నాడు.

లైసెన్సు పరీక్ష మొదటిసారి తప్పాడు. తాను ఎంచుకున్న పనిలో తప్పినందుకు నవ్వుతూ ఇంటికొచ్చాడు. అన్న అలా నవ్వడం నేను చూడటం అదే మొదలు.