గంజి పలచబడిన ఏడు

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా వాన మొదలైంది. గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చొక్కా మీద మొదటి చినుకు పడి గుండ్రంగా మచ్చ కట్టింది. తడిసిన గంజి వాసన తగలగానే చెయ్యి జేబులోని స్కేలు మీదికి పోయింది. ఈ వయసులో స్కేలెందుకు తాతయ్యా అని మనవరాలు నవ్వుతుంది. ఆ అలవాటు కరుణమ్మ టీచరు గారి దగ్గర అంటింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను బెజవాడ మిషను స్కూల్లో లెక్కల మాస్టారుగా చేరేనాటికి ఆవిడ అక్కడ సైన్సు చెప్పేవారు. కంకిపాడు ఆవిడ. చినుకుల్ని కొలుస్తారని తోటి మాస్టర్లు వేళాకోళం చేసేవారు. మబ్బు కొండను ఒరుసుకున్నప్పుడు పడే చినుకూ, కింద మైదానంలో పడే చినుకూ ఒకే సైజా కాదా అన్నది ఆవిడ పట్టుకున్న ప్రశ్న. గుడ్డ ముక్క మీద రంగు పొడి చల్లి, వానలో ఐదు లెక్కపెట్టేదాకా పట్టుకుంటే చినుక్కో మచ్చ పడుతుంది. మచ్చ వెడల్పును బట్టి చినుకు సైజు కట్టేవారు. అద్దుడు కాగితం దొరకని కాలం కనుక మా ఇంట్లో నేసిన గుడ్డ తెచ్చిచ్చాను. మగ్గం మీది నిలువు పోగులకు, అదే పడుగుకు, చిక్కటి గంజి పట్టిస్తాం, మచ్చ పాకదని గొప్పలు కూడా పోయాను.

ముందు ఏడు నేసిన పాత తాను ముక్కలతో ఆవిడ స్కూలు ఆవరణలో, ఆ ఏడు వచ్చిన కొత్త తాను ముక్కలతో నేను కొండపల్లి కొండ మీద చినుకులు పట్టాం. కొండ మీది మచ్చలు ప్రతిసారీ పెద్దవిగానే వచ్చాయి. ఆవిడ రాసిన వ్యాసాన్ని మద్రాసులో సైన్సు సభలో చదవమని పిలుపొచ్చింది. బడిపంతులమ్మకు అలాంటి పిలుపు రావడం ఆ రోజుల్లో మాటలు కాదు.

దసరా సెలవుల్లో ఇంటికెళితే అమ్మ పడుగుకు గంజి పెడుతోంది. అది నీళ్లలా ఉంది.

"ఇదేంటమ్మా, ఇంత పలచగా?"

"బియ్యం దొరకట్లేదుగా నాయనా. చిక్కటిది మేం తాగి మిగిలింది దీనికి పెడుతున్నాం. నీ కొత్త తానుకీ అంతే. బాధపడతావని చెప్పలేదు."

కొండ మీద నేను వాడింది ఆ తానే. పలచని గంజి మీద ఏ చినుకైనా పాకి పెద్ద మచ్చే కడుతుంది. చెబితే ఆవిడ వ్యాసం పోతుంది, మా ఇంటి గుట్టు బయటపడుతుంది. సిగ్గుపడుతూనే రాస్తున్నాను, నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ సెలవులయ్యాక ఆవిడ వ్యాసం చివరి పేజీ చూపించారు. గుడ్డ నేసినందుకు కృతజ్ఞతలంటూ అక్కడ మా అమ్మ పేరు రాశారు. అది చదివాక దాచలేకపోయాను.

అంతా విని ఆవిడ కలం కింద పెట్టారు. మొదట వ్యాసం గురించే అంటారనుకున్నాను.

"ఎన్నాళ్లుగా గంజి తాగుతున్నారండీ ఇంట్లో?"

"వానలు మొదలైనప్పటి నుంచటండీ."

తర్వాత రెండు తానుల ముక్కల మీదా గాజు గొట్టంతో ఒకే సైజు చుక్కలు వేసి చూశారు. తేడా గుడ్డలోనే ఉంది. ఆ సాయంత్రమే వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని మద్రాసుకు ఉత్తరం రాశారు. మర్నాడు కళ్లు ఎర్రగా ఉన్నా పాఠం మామూలుగానే చెప్పారు.

మళ్లీ వానలకు ముందు, కంకిపాడు నుంచి తెప్పించిన రెండు బియ్యం మూటలు నా చేతికిచ్చారు.

"పెద్దది మీ అమ్మగారికి, చిన్నది గుడ్డకి. రెండూ కలపనివ్వకండి మాస్టారూ, కొలత చెడిపోతుంది."

కొండ చినుకు సంగతి ఆవిడ ఉండగా తేలనే లేదు. నేను మాత్రం రిటైరయ్యేదాకా, ఏ పిల్ల లెక్క తప్పినా పలక అందుకునే ముందు ఒక మాట అడిగేవాణ్ణి. పొద్దున ఏం తిన్నావమ్మా?