చెల్లె చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్

మొన్న శంషాబాద్‌లో దూరపు చుట్టాల పెళ్లికి పోయి, ఫంక్షన్ హాలులో పైన విమానాల మోతకూ లోపల స్పీకర్ల మోతకూ నడుమ నలిగిపోతూ కూర్చున్నప్పుడు, కీబోర్డు వాయించే పిల్ల ఏదో మీట నొక్కింది, అంతే, పాడుతున్న గొంతు కాస్తా కంచుగంటలా ఖంగుమంది. అందరూ ఈలలు వేశారు. నాకు మాత్రం కన్ను కుట్టింది. ఒక్క మీటకే ఆ చప్పుడా! దాని కోసం నా పడుచుతనంలో ఒక ఎండాకాలమంతా వేళ్లు కాల్చుకుని, చివరికి మా చిన్నమ్మ కూతురి చేతిలో ఓడిపోయినదాన్ని నేను. నా ఈడువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి నన్ను మంచిదాన్ని అనుకోకండి, ఆ కుళ్లు నాలో ఇంకా చల్లారలేదు.

మాది సాతంరాయి. బాపు వ్యవసాయం చేసేవాడు, పొలం పనులు లేనప్పుడు వాకిట్లో కూర్చుని ఎడ్లకు తాళ్లు పేనేవాడు. అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, శంషాబాద్‌లో పగలు రేడియోలు బాగుచేస్తూ, పెళ్లిళ్లకూ జాతరలకూ ఆర్కెస్ట్రా నడిపేవాడు. ఇటువైపు ఇంకా విమానాశ్రయం ఊసే లేని రోజులవి. ఆయన పట్నంలో ఎవరి దగ్గరో పాత సింథసైజర్ ఒకటి కొనుక్కొచ్చి, దానికి కొత్త కొత్త చప్పుళ్లు తగిలించాలని తహతహలాడేవాడు. పదో తరగతి అయిపోయి ఇంట్లో ఉన్న నన్నూ, తొండుపల్లిలో ఉండే చిన్నమ్మ కూతురు, మా చెల్లెనూ దుకాణంలో కూర్చోబెట్టి సోల్డరింగ్ నేర్పింది ఆయనే.

ఆ ఏడు ఆయనకు రింగ్ మాడ్యులేటర్ పిచ్చి పట్టింది. పెద్ద విద్యేమీ కాదు, నాలుగు డయోడ్లు ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా, వాటికి అటొకటి ఇటొకటి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు. ఒకవైపు నుంచి గొంతు, ఇంకోవైపు నుంచి సింథసైజర్ తీసే ఎడతెగని స్వరం పంపితే, ఆ రెండూ లోపలే ఆగిపోయి, వాటి కూడికా తీసివేతా మాత్రం బయటికొస్తాయి. గంట మోగినట్టు వినిపించేది అదే. అయితే ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్టిన తీగ రెండు సగాలూ సరిసమానంగా లేకపోతే, ఎవరూ పాడకపోయినా ఆ స్వరం గుయ్యిమని కారుతూనే ఉంటుంది.

"ఎవల డబ్బా సప్పుడు చెయ్యకుంట కూసుంటదో, గామె నాతోని స్టేజి ఎక్కుతది. ఇంకొకలు దుకాణం సూస్కోవాలె" అన్నాడు మామ, మా ఇద్దరినీ చెరొకటి కట్టమంటూ. మా ఇళ్లల్లో అప్పటిదాకా ఆడపిల్ల స్టేజి ఎక్కింది లేదు, అయినా బాపు సరేనన్నాడు. సింథసైజర్ పక్కనుండే ఆ కుర్చీ నాకు కావాలి. ఇంకేమీ అక్కర్లేదు, అదొక్కటే కావాలి.

నేను శ్రద్ధగానే చుట్టాను. సగం చుట్టి, పైన కాగితం వేసి, దాని మీద మిగతా సగం, చుట్లు ఒక్కటి కూడా తేడా రాకుండా. మా చెల్లె మాత్రం రెండు రాగితీగలు కిటికీ చువ్వకు కట్టి, రెండూ ఒకేసారి చుట్టడానికి కలిపి పేనుతూ కూర్చుంది. నాకు నవ్వాగలేదు.

"గదేందే, ఎడ్లకు పలుపు పేనుతున్నవా?"

"పెద్దబాపు గిట్లనే పేంతడు గదక్కా. రెండు పోగులు ఒక్కతీరుగ పోతయి."

ఆ పెద్దబాపు ఎవరనుకున్నారు, మా బాపే! సెలవుల్లో మా వాకిట్లో, ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్న పని అది. రోజూ ఆ ఇంట్లోనే పడుకుని లేచే నాకు మాత్రం తట్టలేదు. పైన చుట్టిన సగం లావుపాటి చుట్ట మీదుగా తిరుగుతుంది కాబట్టి తీగ ఎక్కువ పడుతుందనీ, చుట్లు సమానమైనంత మాత్రాన సగాలు సమానం కావనీ నాకు తెలిసేసరికి అంతా అయిపోయింది.

మామ నా డబ్బా తగిలించాడు. ఎవరూ నోరు తెరవలేదు, అది గుయ్యిమంటూనే ఉంది. డయోడ్లు మార్చాను, ఆగలేదు. చెల్లెది తగిలిస్తే కిక్కురుమనలేదు. మామ మైకు పట్టుకుని ఒక్క కూనిరాగం తీశాడు, దుకాణం ఖంగుమంది. "శబ్బాష్ బిడ్డా!" అని ఆయన ఎగిరి గంతేస్తే, ఆ రోజు విత్తనాల కోసం శంషాబాద్ వచ్చి అక్కడే నిలబడి ఉన్న బాపు, నేను నేర్పిందేనంటూ మురిసిపోయాడు. బాపు నావాడు, వాకిలి నాది, కుర్చీ దానిది!

ఆ బోనాలకు అది స్టేజి మీద కూర్చుంది, నేను దుకాణంలో రేడియోలకు దుమ్ము దులిపాను. తరవాత వాళ్లిద్దరూ అలాంటివి రెండు జతచేసి, గొంతును ఉన్నచోటు నుంచి పైకో కిందికో జరిపే ఫ్రీక్వెన్సీ షిఫ్టర్ కూడా కట్టారట. నేను చూడ్డానికి పోలేదు. పోయి ఉండాల్సిందని ఇవాళ్టికీ అనిపించదు.

పెళ్లి మర్నాడు ఉండబట్టలేక చెల్లెకు ఫోన్ చేశాను. ఇప్పుడు తొండుపల్లిలో విమానాశ్రయం ఉద్యోగులకు గదులు కిరాయికిచ్చుకుంటూ హాయిగా ఉంది. మన డబ్బా చప్పుడు మళ్లీ విన్నానే అన్నాను.

"ఏం డబ్బా అక్కా? మామ రేడియోలా? మస్తు దినాలాయె, నాకేం యాదికి లేదు. గా స్టేజి మీది కుర్సీల కూసుంటె నడుం గుంజుతుండె, గదొక్కటే యాదికున్నది."

ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు చప్పుళ్లన్నీ మీటల్లోనే ఉన్నాయి. తీగ పేనేవాళ్లు లేరు, ఒక డబ్బాను నోరు మూయించడానికి అక్కాచెల్లెళ్లు పంతం పట్టడమూ లేదు. ఆ కుర్చీలో ఒక్క పూటైనా కూర్చోని నాకు అంతా గుర్తే, ఏళ్ల తరబడి కూర్చున్నదానికి గుర్తు లేదు. హాయిగా మరిచిపోవడం కూడా దానికే దక్కింది.