వీసాలకు లొంగని పదో వంతు

“చివర్లోనే భాగించినావా, లక్ష్మీ?”

“చివర్లోనే అన్నా. నువ్వు పోయి బస్సు పట్టుకో.”

నాగేంద్రన్నా నేనూ ఆఖరున మాట్లాడుకున్నది అంతే. గోరంట్లలో కూతురింటికి వెళ్లినవాడు అక్కడే గుండె ఆగి పోయాడు. పక్కింట్లో మగ్గం చప్పుడు ఆగినప్పుడల్లా ఆ ప్రశ్న చెవిలో పడుతుంది. ఇప్పుడూ పడింది. అందుకే నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు సుజాత రాస్తోంది.

ధర్మవరంలో మా మగ్గాల షెడ్డుకు చీరల డిజైన్లు వేసేది ఆయనే. నా మొగుడు పోయాక పోగులు చుట్టిన కూలి పిల్లల కడుపుకు చాలలేదు. అట్టలకు రంధ్రాలు కొట్టే పని నేర్పించాడు. మగ్గం మీద తిరిగే అట్టలో రంధ్రముంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు. పువ్వయినా నెమలైనా ఆ రెండింటితోనే. తరువాత కంప్యూటర్ వచ్చింది. అంకెలు తప్ప నాకు చదువు రాదు, భయపడ్డాను.

“దీని కడుపులోనూ అంతేమ్మా. రంధ్రానికి ఒకటి, లేనిదానికి సున్న. భయపడేదేముండాది?” అన్నాడు.

ఒక పెళ్లిచీరకు బుటాల మధ్య ఎడం రెండంగుళాలూ, పైన అంగుళంలో పదో వంతూ. బుటా బుటాకూ ఆ ఎడం కూడుకుంటూ పొమ్మని కంప్యూటర్‌కు చెప్పాను. ఆయన నేర్పిన పద్ధతే అది. చీర దిగాక చూస్తే చివరి బుటా కొంగును తాకకుండా వేలి మందం వెనకే నిలిచిపోయింది.

షెడ్డు యజమాని సావుకారు చీరను నా ముందర పడేశాడు. “సంతకం రానిదాన్ని కంప్యూటర్ ముందర కూర్చోబెడితే ఇట్లే అయితాది. రేపట్నించి మళ్లీ పోగులు చుట్టుకో పో.”

“ఉండప్పా సావుకారూ, మీసం తర్వాత మెలేద్దువు,” అన్నాడు నాగేంద్రన్న. “అర, పావు, అరపావు, అందులో సగం వీసం. ఈ కంప్యూటర్ పెట్టెకు సగాలు చేసేదొక్కటే తెలుసు. వాటితో పదో వంతు చేయి చూద్దాం. వీసం చాలదు. దాంట్లో సగం కలుపు, ఇంకా చాలదు. ఆ సగంలో సగం కలుపు, ఎక్కువైపాయ. ఎంతసేపు చేసినా సరిగ్గా రాదు. మన పాత పెట్టెలో చోటు తక్కువ, మధ్యలోనే తుంచేస్తాది. ఆ తుంచిన పిసరు బుటా బుటాకూ పేరుకుంటాది.”

“అయితే తప్పు పెట్టెదా?”

“పెట్టెది కాదు, ఈయమ్మది కాదు. కూడుకుంటూ పొమ్మని నేర్పించింది నేను. పోగులు చుట్టేదానికి నన్ను పంపు.”

“నువ్వు చుడితే పట్టంతా చిక్కుపడతాది, వద్దులే,” అని సావుకారు వెళ్లిపోయాడు. నా కుర్చీ నాకు మిగిలింది.

ఆ సాయంత్రమే పద్ధతి మార్చాడు. ఎడాన్ని పదో వంతుల్లో నిండు అంకెగా, అంటే ఇరవై ఒకటిగా పెట్టుకుని, ఎన్నో బుటానో దానితో గుణించి, చివర్లో ఒక్కసారే పదితో భాగించాలి. పిసరు పోయినా ఒక్కసారే పోతుంది, పేరుకోదు.

ఆ కుర్చీలోనే పిల్లలను సాకాను. ఇప్పుడు నా దగ్గర కొందరు ఆడవాళ్లు పని నేర్చుకుంటున్నారు. వాళ్ల చేతిలో చీర పాడైతే, నేనేం నేర్పించానని ముందు నన్ను నేనే అడుగుతాను. ఆయన దగ్గర నేర్చుకున్నది అదే.

సుజాతా, ఇంక చాలు. తప్పు తనదని ఆయనన్న మాట ఆయనన్నట్టే పడిందా లేదా, చదువు, వింటాను.