వడ్డాణానికి విలువ కట్టాను

ఈ సాయంత్రం ద్వారకలో మా తెలుగువాళ్ల పిల్లల నాట్యప్రదర్శన జరిగింది. ముగిశాక, అద్దెకిచ్చిన గిల్టు నగలు సరిచూసుకునే పని నాది. ఒక పాప వడ్డాణం తెచ్చింది. హుక్కు విరిగింది, రాళ్లు ఊడిపోయాయి. ట్యూబులైటు కింద తిప్పి తిప్పి చూసి, అందరి ముందే "సగం విలువ పోయిందమ్మా, డిపాజిట్ రాదు" అన్నాను.

"డాన్స్ మధ్యలో టూట్ గయా, సారీ అంకుల్" అంది పాప.

వాళ్లమ్మ పాప అరచెయ్యి విప్పి చూపించింది. విరిగిన హుక్కు గుచ్చుకుని ఎర్రగా తెగింది.

"జారిపోకుండా చివరిదాకా ఇలాగే పట్టుకుని ఆడిందండీ. వడ్డాణం అంతసేపు చూశారు, దీని చెయ్యి కూడా చూడండి" అంది.

నడుం మీది ఆ చెయ్యి నాట్యంలో భాగమే అనుకుని, ఇందాక నేనూ చప్పట్లు కొట్టాను. డిపాజిట్ ఇచ్చేశాను గానీ, పాపకి సారీ చెప్పకుండానే మిగతా నగలు సరిచూడటంలో పడ్డాను. మీరైతే ఏమనేవారు?