పిన్ని డబ్బు తిరిగొచ్చిన సంగతి

మా పిన్ని రైల్వే ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన తెలుగు పిల్లల్లో చాలామందికి మొదటి సూది ఆవిడే వేసింది, నాతో సహా. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక మా ఇంటికి రెండు వీధుల అవతల చిన్న ఇల్లు కొనుక్కుని ఒక్కతే ఉండేది. మోకాళ్ళ నొప్పులతో బ్యాంకు లైన్లో నిలబడలేక, అరవై దాటాక కంప్యూటర్ కొని నెట్ బ్యాంకింగ్ నేర్చుకుంది. కరెంటు బిల్లు ఇంట్లో కూర్చునే కట్టేశానని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

రెండువేల తొమ్మిది చివర్లో, ఒక శనివారం పొద్దున్నే నాకు ఫోన్ చేసింది.

"అమ్మీ, ఓసారి రా. నా అకౌంట్లో డబ్బుల్లేవు."

నేను వెళ్ళేసరికి కంప్యూటర్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఏ పనీ చెయ్యకుండా ఆవిడ కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ముందురోజు సాయంత్రం బ్యాంకు పేరుతో ఒక మెయిల్ వచ్చిందట. వెంటనే వివరాలు నింపకపోతే అకౌంట్ మూసేస్తామని ఉంది. అచ్చం బ్యాంకువాళ్ళ పేజీలాగే ఉంటే, అడిగినవన్నీ నింపింది, పాస్‌వర్డ్‌లతో సహా. తెల్లారేసరికి రిటైర్మెంట్ డబ్బంతా ఎక్కడో వేరే ఊళ్ళో, అదే బ్యాంకు బ్రాంచిలో ఎవరిదో అకౌంట్లోకి వెళ్ళిపోయింది.

నా వెనకే నాన్న కూడా వచ్చారు. విషయం విని తలుపు దగ్గరగా వేశారు.

"పోయిందేదో పోయింది. కాలనీలో తెలిస్తే నవ్వుతారు. ఎవరికీ చెప్పకు. నెలనెలా పెన్షనొస్తది కదా, మేమంతా ఉన్నాం."

ఆయన ప్రేమతోనే అన్నారు. పిన్ని మాత్రం లేచి నిలబడింది.

"నవ్వితే నవ్వనీ బావా. నేనేటి దొంగతనం చేసేనా? తీసుకున్నోడు దాక్కోవాలి గానీ నేనెందుకు దాక్కుంటాను?" అని నా వైపు తిరిగింది. "ఆటో పిలు. ముందు బ్యాంకుకెల్దాం."

శనివారం కాబట్టి బ్యాంకు ఒక పూటే. మేనేజరు మంచివాడే. పిన్ని అకౌంట్‌ను అక్కడికక్కడే ఆపించాడు. అవతలివాడి అకౌంట్‌ను ఆపాలంటే మాత్రం పోలీసుల ఉత్తరం కావాలన్నాడు. పిన్ని అక్కడే ఒక తెల్లకాగితం అడిగి తీసుకుని, డబ్బు ఏ అకౌంట్లోకి వెళ్ళిందో రాసి, దాన్ని వెంటనే ఆపమని ఫిర్యాదు రాసింది. రెండో కాపీ మీద ముద్ర వేసి టైము కూడా రాసిమ్మంది. ముద్ర వేసే గుమస్తా టీకి వెళ్ళాడన్నారు.

"పరవాలేదు, తాగి రానివ్వండి" అని బల్ల మీద కూర్చుంది. ముద్ర వేయించుకున్నాకే లేచింది.

అక్కడినుంచి ఠాణాకి వెళ్ళాం. ఇన్‌స్పెక్టర్ మేం చెప్పిందంతా విని, పాస్‌వర్డ్ మీరే చేతులారా ఇచ్చారు కదా మేడమ్, ఇందులో కేసేముంది, ముందు బ్యాంకునుంచి ఉత్తరం తెండి అన్నాడు. బ్యాంకేమో పోలీసుల ఉత్తరం అడుగుతోంది. నాకు ఏడుపొచ్చింది. పిన్నికి కోపం వచ్చింది. హిందీలో, ఆస్పత్రి వార్డులో మాట్లాడే గొంతుతో చెప్పింది.

"పాము కరిచినవాడు మా దగ్గరికొస్తే, పొదలో కాలెందుకు పెట్టావని తగువేసుకుని కూర్చోం సార్. ముందు మందిస్తాం. నా తప్పేంటో తర్వాత తీరిగ్గా చెబుదురు గాని, ముందు నా ఫిర్యాదు రాసుకోండి."

ఇన్‌స్పెక్టర్ "అచ్ఛా, కూర్చోండి" అని రైటర్ని పిలిచాడు. మోసం కేసు, దాంతోపాటు ఐటీ చట్టం కింద ఎఫ్ఐఆర్ రాసుకున్నారు. కాపీ కూడా ఇచ్చారు, డబ్బులేమీ అడక్కుండా. బ్యాంకుకి ఉత్తరం మాత్రం సోమవారం టపాలో పంపుతామన్నారు.

"సోమవారం దాకా ఎందుకు? గుమ్మంలో ఆటో ఉంది. ఒక కానిస్టేబుల్ని నాతో పంపండి" అంది పిన్ని.

అలా డ్రైవర్ పక్కన ఉత్తరంతో కానిస్టేబుల్, వెనక మేమిద్దరం కాలనీ మధ్యలోంచి బ్యాంకుకి వెళ్ళాం. పోలీసుతో నర్సమ్మ ఎక్కడికెళ్తోందా అని జనం నిలబడి చూశారు. పిన్ని తెలిసినవాళ్ళకి చెయ్యి ఊపింది. షట్టర్ దించుతుండగా చేరాం. మేనేజరు ఉత్తరం తీసుకుని పైవాళ్ళకి పంపిస్తానన్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి కబురొచ్చింది. అవతలి అకౌంట్‌ను ఆపేశారు. అప్పటికి మూడొంతుల్లో రెండొంతుల డబ్బు అందులో ఇంకా ఉంది. మిగతాది శనివారం సాయంత్రం మొదలుకొని ఆదివారం దాకా ఏటీఎంల్లో లాగేశారు.

ఆపిన డబ్బు దానంతటదే వెనక్కి వస్తుందనుకున్నాను. రాదట. మా వీధిలో ఒక లాయరమ్మ ఉండేది, రోజూ మా ఊళ్ళోని హైకోర్టుకి వెళ్ళొచ్చేది. ఆవిడ విడమరిచి చెప్పింది. ఆపిన డబ్బు కేసులో పట్టుకున్న సొత్తు కిందే లెక్క. దాన్ని విడిపించమని ఊళ్ళో మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. ఆవిడే అర్జీ రాసి, మా తరఫున వాదించడానికి ఒప్పుకుంది.

వాయిదాలు పడ్డాయి. ఒకసారి మేజిస్ట్రేటు సెలవు, ఒకసారి పోలీసుల రిపోర్టు రాలేదు. ప్రతి వాయిదాకీ పిన్ని ఇస్త్రీ చేసిన తెల్లచీర కట్టుకుని, అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది. మూడో వాయిదానుంచి నాన్న కూడా రావడం మొదలుపెట్టారు. ఎవరూ రమ్మనలేదు. మంచినీళ్ళ సీసా పట్టుకుని ఆవిడ పక్కన కూర్చునేవారు.

చివరికి పోలీసుల రిపోర్టు వచ్చింది. ఆ అకౌంట్ మనిషి కమీషన్ కోసం తన అకౌంట్‌ను ఎవరికో వాడుకోనిచ్చాడట. ఆ డబ్బు తనది కాదని ఒప్పుకున్నాడు. మేజిస్ట్రేటు పిన్నిని అడిగాడు, కోర్టు ఎప్పుడైనా మళ్ళీ చూపించమంటే ఈ డబ్బు తెచ్చి చూపించగలవా అని.

"నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళోనే ఉన్నాను సాబ్. ఇంకెక్కడికి పోతాను?" అంది. గది వెనకాల ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు కూడా నవ్వి, బాండు రాయించుకుని డబ్బు విడుదల చెయ్యమన్నాడు.

బయట మెట్ల మీద నాన్న కళ్ళు తుడుచుకున్నారు. "మిగిలింది కూడా అడుగుదాం" అన్నారు. దాక్కోమన్న మనిషే ఆ మాట అనడం విని పిన్ని ఆయన్ని ఆటపట్టించింది. "ఏటి బావా, కాలనీలో నవ్వరా?"

మిగిలిన వంతు కోసం బ్యాంకుకే మళ్ళీ ఫిర్యాదు రాశాం. పాస్‌వర్డ్ మీరే ఇచ్చారు కాబట్టి మా బాధ్యత లేదని జవాబొచ్చింది. అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, భోపాల్‌లోని బ్యాంకింగ్ అంబుడ్స్‌మన్‌కి రాశాం. దానికి ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు. పిన్ని వాదన ఒక్కటే. పాస్‌వర్డ్ ఇచ్చింది నేనే, కానీ శనివారం పొద్దున చెప్పాను, మధ్యాహ్నం పోలీసుల ఉత్తరం కూడా ఇచ్చాను, మీరు సోమవారం దాకా ఏం చేశారు? ముద్ర వేసిన కాపీ జత చేసింది. ఎండలు ముదిరే వేళకి తేలింది. కబురు అందాక పోయిన డబ్బుకి బ్యాంకుదే బాధ్యతని చెప్పి, ఇప్పించారు.

ఆ రోజు పిన్ని ఠాణాకి, బ్యాంకుకి, లాయరమ్మ ఇంటికి వేడి జిలేబీ పంపింది. కాలనీలో మా ఇంటి నుంచి చివరి క్వార్టర్ దాకా అందరికీ తనే చెప్పింది, మెయిల్ నమ్మి మోసపోవడం దగ్గరనుంచి డబ్బు వచ్చేదాకా ఏదీ దాచకుండా. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ముగ్గురు మాత్రం గొంతు తగ్గించి, మాకూ ఇలాగే జరిగింది, చెప్పుకోలేకపోయాం అన్నారు.

తర్వాత ఏడాది ఒక సాయంత్రం మేం టీ తాగుతుంటే ఊరి పక్కనున్న సిర్గిట్టినుంచి ఒక తెలుగావిడ వచ్చింది. ఇన్‌స్పెక్టరే పంపాడట. భర్త ఇంటర్నెట్లో ఉద్యోగం చూసి డబ్బు కట్టాడట. మోసమని తెలిశాక సిగ్గుతో గదిలోంచి రావడం లేదట. చెబుతూ చెబుతూ తల వంచుకుంది.

"ఎప్పుడు కట్టేరు?" అంది పిన్ని.

"ఈరోజే అమ్మా, పొద్దున. ఇక్కడి బ్యాంకులోనే."

పిన్ని గ్లాసు కింద పెట్టి గడియారం చూసి, చెప్పులు వేసుకుంది.

"అయితే బ్యాంకులో ఇంకా మనుషులుంటారు. మీ ఆయన్ని తీసుకుని నేరుగా అక్కడికొచ్చీ. నేను ముందెల్తాను."