కంప్యూటర్ తెరకు వాస్తు

మొన్న బేగంపేటలో ఎం.ఎం.టి.ఎస్. రైలెక్కి సికింద్రాబాద్ వస్తుంటే, నా ఎదురుగా మెడలో ఆఫీసు కార్డు పట్టీ వేలాడేసుకున్న ఒక కుర్రాడు పెట్టెలో అందరికీ వినపడేలా ఫోన్లో ఎవరినో దబాయిస్తున్నాడు. "క్వెరీ పర్ఫెక్టుగ ఉంది బ్రో, నేను చెక్ చేసిన. డేటా కొట్టినోళ్లే సక్కగ కొట్టలే," అన్నాడు. పక్కనున్న వాళ్లకి అదేమిటో పట్టలేదు గాని, ఆ పనిలోనే తల నెరిసి ఈ మధ్యనే ఇంటిపట్టున కూచున్నదాన్ని కనుక, నాకు మాత్రం ఒళ్లు మండింది. అచ్చం ఇదే మాట, ఇదే ధీమాతో, ఇంత గాలిమాటగానూ, మా బావగారి నోట విన్నాను నేను. విని ఎన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు.

మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది, కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్లిన రోజులు. మిషన్‌కి ఏసీ, మనుషులకి మూలుగుతూ తిరిగే పంకా. మా అక్కను చేసుకున్న బావగారిది కృష్ణా జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం. పాట్నీ సెంటర్ దగ్గర ఒక బట్టల కొట్టు పైన రెండు గదులు తీసుకుని సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాడు. దాని బోర్డు ఆఫీసు కంటే పెద్దది. కంప్యూటర్ కోర్సు పూర్తి చేసి ఇంట్లో ఖాళీగా ఉన్నాను కనుక మరదల్నని నన్ను తెచ్చి ఒక కుర్చీలో కూచోబెట్టాడు. నిజం చెప్పొద్దూ, ఆ గదంటే నాకు ప్రాణంగా ఉండేది. మధ్యాహ్నం కింద కొట్టులోంచి కొత్త బట్టల వాసన పైకి వస్తుంటే, నేను రాసిన నాలుగు ముక్కలు మిషన్ విని చెప్పినట్టు చేస్తుంటే, ప్రపంచంలో నా అంత అదృష్టవంతురాలు లేదనుకునేదాన్ని. ఆ గదిలో నాకు నచ్చనిది బావగారి పనితనం ఒక్కటే.

ఇక్కడ కొంచెం మా పని సంగతి చెప్పాలి, కంగారు పడకండి, ఏమీ బ్రహ్మవిద్య కాదు. దాచిపెట్టిన వివరాల్లోంచి ఏదైనా వెతకాలంటే ప్రోగ్రాం లోపల ఒక వాక్యం రాస్తాం, దాన్నే క్వెరీ అంటాం. ఫలానా పేరుతో, ఫలానా బస్తీలో ఉన్న మనిషిని చూపించు అని. అందులో పేరు ఉండాల్సిన చోట ఒక ప్రశ్నార్థకం, బస్తీ ఉండాల్సిన చోట ఇంకొక ప్రశ్నార్థకం పెట్టి వదిలేస్తాం. కౌంటర్ దగ్గర మనిషి తెర మీది పెట్టెల్లో టైపు చేసిన మాటలు వెళ్లి ఆ ఖాళీల్లో కూచుంటాయి. ముందు వచ్చిన మాట మొదటి ఖాళీకి, తర్వాతది రెండోదానికి. వచ్చింది పేరా, బస్తీయా అని మిషన్ ఆరా తియ్యదు. అందుకే ఏ పెట్టెలోది ఏ ఖాళీకి పోవాలో ఒక్కొక్కటీ విడిగా రాయాలి. మా బావగారికి అంత ఓపికెక్కడిది? తెర మీద పెట్టెలు ఏ వరసలో ఉంటే ఆ వరసలో అన్నింటినీ ఊడ్చి ఖాళీల్లో పోసేలా నాలుగు లైన్లు రాసి, అదేదో తాను కనిపెట్టిన విద్య అయినట్టు వచ్చినవాళ్లందరికీ చూపించేవాడు. పెట్టెలు అటూ ఇటూ అయితే ఎలాగ బావా అని నేను అడిగితే, పెట్టెలకి కాళ్లున్నాయా నడవడానికి అని నవ్వేవాడు.

క్లాక్ టవర్ దగ్గర ఒక రక్తపరీక్షల సెంటర్ వాళ్లకి మేం ప్రోగ్రాం రాసిచ్చాం. అక్కడ రిపోర్టుల కౌంటర్‌లో కూచునేది మా మేనత్త. మామయ్య పోయాక, కాప్రాలో మా ఇంట్లో ఒక గదిలో ఉంటూ, నలభై దాటిన వయసులో టైపు నేర్చుకుని సంపాదించుకున్న మొదటి ఉద్యోగం అది. రోజూ గంజి పెట్టిన చీర కట్టుకుని బస్సెక్కేది. కంప్యూటర్ రాకముందరి పాత రిపోర్టులన్నీ తనే, పెదవులు కదుపుతూ ఒక్కొక్క పేరూ లోపల్లోపల చదువుకుంటూ, మిషన్‌లోకి ఎక్కించింది. మళ్లీ వచ్చిన రోగి పేరు, బస్తీ చెబితే పాత రిపోర్టు క్షణంలో తీసి డాక్టరు ముందు పెట్టేది. మా ఇంటి పెళ్లిళ్లలో అందరి వెనక నిలబడే మనిషి, ఆ ఉద్యోగం వచ్చాక ముందు వరసలో కూచోవడం మొదలుపెట్టింది.

ఇంతలో ఎదురు వరసలో అద్దాల తలుపులతో ఇంకో సెంటర్ వెలిసింది. మా సెంటర్ యజమాని పరేషాన్ అయిపోయి ఒక వాస్తు సిద్ధాంతిని పిలిపించాడు. ఆయన చేపల తొట్టి జరిపించాడు, ఒక తలుపు మూయించాడు, చివరికి కౌంటర్ మీది కంప్యూటర్ వైపు తిరిగి, తెర పైన కుడి మూల, అంటే ఈశాన్యంలో, పేరు టైపు చేసే పెట్టె ఉండడం బరువనీ దాన్ని నైరుతికి దించాలనీ తేల్చాడు. ఆ మిషన్ పడమటి గోడకి ఆనించి ఉంది, దాని ఈశాన్యం ఏ దిక్కున ఉంటుందో ఆ మహానుభావుడికే తెలియాలి. ఆయన్ని నేనేమీ అనను, ఆయన వృత్తి అది. బుద్ధున్న ప్రోగ్రామర్ ఎవడైనా తెరకి దిక్కులు లేవండీ అని దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. మా బావగారు మాత్రం పిలవడమే ఆలస్యం కొత్తల్లుడిలా తయారై వెళ్లి, పేరు పెట్టెని కింద ఎడమ మూలకి దించి, బస్తీ పెట్టెని ముందు వరసకి తెచ్చి, టీ తాగి వచ్చేశాడు. ఆఫీసులో ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదు. అంత పెద్ద సాంకేతిక కార్యం మాకెందుకు చెబుతాడు!

మర్నాటి నుంచీ పాత రోగులు ఎవరు వచ్చినా ఆ పేరుతో ఎవరూ లేరని తెర చెప్పడం మొదలైంది. వింతేమిటంటే, ఆ రోజు కొత్తగా ఎక్కించిన వాళ్లు మాత్రం చక్కగా దొరుకుతున్నారు. యజమాని ఫోన్ చేస్తే బావగారు కుర్చీలోంచి లేవకుండానే ప్రోగ్రాం తెరిచి, ప్రశ్నార్థకాలున్న ఆ వాక్యాన్ని ఒకసారి కళ్లతో తడిమి తీర్పు చెప్పేశాడు. "మా క్వెరీ బ్రహ్మాండంగా ఉందండీ. కొత్తవి వస్తున్నాయిగా? పాతవి ఎక్కించినావిడే సరిగ్గా ఎక్కించి ఉండరు." ఎక్కించినావిడ తన భార్యకి స్వయానా మేనత్త అని ఆయనకి తెలుసు. ఖాళీల్లోకి ఏం పోతోందో చూడడానికి ఒక నిమిషం పట్టేది. ఆ నిమిషం ఖర్చు పెట్టడం కంటే ఒక ఆడమనిషి ఉద్యోగం ఖర్చు పెట్టడం ఆయనకి తేలికనిపించింది.

రిపోర్టుల కోసం వచ్చినవాళ్లు నిలబడి చూస్తుండగానే, ఇన్నాళ్లూ పాత కాగితాలు వెతికి తెచ్చి మిషన్‌లోంచి తీసినట్టు నటించి మోసం చేశావని యజమాని అత్తమ్మని రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికి వచ్చి, చీర కూడా మార్చుకోకుండా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. నేను వెళ్లి పక్కన కూచుంటే, "పేర్లన్ని నేనే కొట్టిన బిడ్డా. ఒక్కటి సుత ఇడ్వలే," అంది. ఆమె మాట నాకు చాలు. కానీ మాట ఎవరిక్కావాలి, ఋజువు కావాలి.

పొద్దున్నే సెంటర్‌కి వెళ్లి, ప్రోగ్రాంతో సంబంధం లేకుండా వివరాలు దాచిన చోటే నేరుగా తెరిచి, అత్తమ్మ చెప్పిన ఒక పాత రోగి కోసం వెతికాను. ఉంది. ఇంకొకరు. వాళ్లూ ఉన్నారు. అంటే పోయినవి రిపోర్టులు కావు, వెతకడంలోనే ఏదో తిరకాసుంది. అప్పుడు ప్రోగ్రాంలో, వాక్యం బయల్దేరే ముందు ఏ ఖాళీలోకి ఏ మాట వెళుతోందో తెర మీద చూపించమని ఒక లైను కలిపి, అదే రోగి పేరు, బస్తీ కొట్టి చూస్తే, పేరు అని ఉన్న చోట బోయినపల్లి, బస్తీ అని ఉన్న చోట సుజాత. బోయినపల్లి అనే ఆవిడ సుజాత అనే పేటలో ఉందా అని అడిగితే ఏ మిషన్ మాత్రం ఏం చెబుతుంది? పెట్టెల వరస మారింది కనుక మాటల వరసా మారింది. కొత్తవాళ్లని కూడా అవే పెట్టెల్లోంచి తలకిందులుగా ఎక్కించి, తలకిందులుగా వెతికారు కనుక వాళ్లు దొరికారు. సరిగ్గా ఎక్కినవి అత్తమ్మ ఎక్కించినవే!

ఆఫీసుకి వచ్చి బావగారికి చూపించాను. ఆయన ముఖం ఒకసారి వాడింది, అంతే. ఏ పెట్టెలోది ఏ ఖాళీకో విడిగా రాసి, తలకిందులుగా ఎక్కినవాళ్లని సరిచేసి ఇచ్చింది నేనే. యజమానికి ఫోన్ చేసి జరిగింది చెప్పండి, అత్తమ్మ పరువు నిలబడుతుందన్నాను. సరేనని ఫోనందుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, నా ముందే అన్నాడు: "మా మనుషుల్ని కూచోబెట్టి పాతవన్నీ మళ్లీ ఎక్కించేశామండీ. ఇక మీకు ఏ ఇబ్బందీ ఉండదు." అవతల ఆయన దండాలు పెడుతున్నట్టున్నాడు, బావగారు పర్లేదండీ పర్లేదండీ అంటూ నవ్వుతున్నాడు. మనిషిలో ఇంత నీచం ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. నేను అదే అడుగున చెప్పులేసుకుని క్లాక్ టవర్ దాకా నడిచి వెళ్లి, యజమానికి మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. పెట్టె జరిపించింది తానే కనుక ఆయనకి మింగుడుపడలేదు. కాసేపు బల్ల మీది పేపరు సర్ది, అయిందేదో అయింది, రేపటి నుంచి రమ్మను, జెర జాగ్రత్తగ చెయ్యమను అన్నాడు. క్షమించమన్న మాట ఆయన నోట్లోంచి రాలేదు.

అత్తమ్మ మర్నాడు గంజి చీర కట్టుకుని నాతో పాటు వెళ్లింది. ఆమె కుర్చీలో అప్పటికే ఎవరో కొత్త పిల్ల కూచుని ఉంది. అత్తమ్మ ఆ పిల్లని లెమ్మనలేదు, వెనక నిలబడి, ఒక పేరు చెప్పి, కాప్రా అని కొట్టమంది. మా మామయ్య పేరు. ఆయన చివరి రోజుల్లో చేయించుకున్న పరీక్షలు అక్కడివే, ఆ పాత రిపోర్టుల్లోనే ఉన్నాయని నాకా క్షణం దాకా తోచలేదు. తెర మీద ఆయన పేరు, వయసు, పరీక్షలు వరసగా వచ్చాయి. అత్తమ్మ వాటిని చూసి, యజమాని వైపు తిరిగింది.

"గిది సుత నేను కొట్టకుంట ఇడ్శిపెట్టిననుకున్నరా సార్?"

ఆయన తల దించుకున్నాడు. అత్తమ్మ మెట్లు దిగింది, మళ్లీ ఆ వైపు పోలేదు. మారేడుపల్లిలో ఒక వకీలు దగ్గర టైపు మిషన్ మీద పనికి కుదిరి ఓపిక ఉన్నంత కాలం చేసింది. నేను బావగారి కంపెనీ మానేశాను. అక్క కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు. బావగారు మాత్రం ఈనాటికీ పెళ్లి విందుల్లో, ఒక సెంటర్ వాళ్ల పాత రిపోర్టులన్నీ తాను ఎలా కాపాడాడో చెబుతూ గారెలు తింటుంటాడు. విన్నప్పుడల్లా ఆ గారె ఆయన గొంతుకి అడ్డం పడాలని కోరుకుంటాను, పడదు.

తర్వాత నేను చాలా పెద్ద ఆఫీసుల్లో పని చేశాను. ప్రశ్నార్థకాలు చేత్తో లెక్కపెట్టుకునే అవసరం పోయింది, చెప్పులు విప్పే అలవాటూ పోయింది. మా ప్రోగ్రాముల్లోకి పేర్లు ఎక్కించేవాళ్లు ఏ ఊళ్లో కూచుని ఎక్కిస్తారో మాకు తెలిసేది కాదు. వరసలు తప్పినప్పుడు మాలో ఎవడో ఒకడు, డేటా తప్పు అని ఒక ముక్క రాసి పంపించి భోజనానికి లేచేవాడు. ఆ ముక్క ఎక్కడికో పోయి, ఎవరో ఒకావిడ పని పోగొట్టే ఉంటుంది. అత్తమ్మకి మెట్లెక్కి వచ్చి నిలదియ్యడానికి ఒక కౌంటరూ, తల దించుకోవడానికి ఎదురుగా ఒక మనిషీ ఉన్నారు. ఆ ఆడవాళ్లకి అదీ లేకుండా చేశాం.