చొక్కా అంచు మడతలో పసుపు

పదకొండేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చిటికెడు పసుపంత అబద్ధం. ఇంత చిన్నదాన్ని ఇన్నేళ్ళు దించుకోలేకపోయానంటే మీకు నవ్వు రావచ్చు. నవ్వండి. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. కలం పట్టిన దగ్గర్నుంచి గుండె దడదడలాడుతోంది. విచిత్రం ఏమిటంటే, అందులో భయం కంటే హుషారే ఎక్కువగా ఉంది.

మాది డోన్. మూఢనమ్మకాల మీద వ్యాసాలు రాస్తాను, సభల్లో వాదిస్తాను. ముహూర్తం, శకునం, వాస్తు, దిష్టి, దేన్నీ వదల్లేదు. నా భార్య ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కొత్త బట్ట వేసుకునే ముందు దాని మూలన పసుపు పెట్టడం మా వైపు ప్రతి ఇంట్లోనూ ఉన్నదే. జాకెట్టు తీసుకుపోవడానికి వచ్చినవాళ్ళు ఆమె చేత్తోనే పసుపు పెట్టించుకుని పోయేవారు. పెళ్ళయిన కొత్తలో నేను వద్దన్నాను. మానేసింది. అందుకు అలిగి వేరే చోట కుట్టించుకున్నవాళ్ళున్నారు. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు.

పదకొండేళ్ళ కిందట కడపలో పెద్ద సభ. నాకొక ఆలోచన తట్టింది. తట్టగానే ఇంట్లో కూర్చోలేకపోయాను. తెల్ల నూలు బట్ట తెస్తాను. అమావాస్య నాడు కత్తెర వేస్తాను. మంగళవారం మిషనెక్కిస్తాను. రాహుకాలంలో గుండీలు కుడతాను. ఆ చొక్కా తొడుక్కుని వేదికెక్కి, చూడండి, నాకేమీ కాలేదు అంటాను! అంతా నా చేత్తోనే. కుట్టుపని ఆడవాళ్ళదన్న మాట కూడా అదే దెబ్బకు పోవాలి.

మిషను తొక్కడం ఆమే నేర్పింది. చక్రం వెనక్కి తిరిగేది, దారం తెగేది, సూది విరిగేది. "ఏమప్పా, చొక్కా కుడతాండావా, గోనెసంచి కుడతాండావా?" అని పడీ పడీ నవ్వేది. భుజాలు అతికిన రోజు ఇద్దరం చొక్కాను కిటికీ దగ్గర పట్టుకుని వెలుతురులో చూశాం. నాకంటే ఆమెకే సంబరం ఎక్కువ.

సభకు ముందురోజు శనివారం. ఉదయం రాహుకాలం. మిగిలినవి కాజాలు, గుండీలు, కింది అంచు మడత. ఆమె జాకెట్లు ఇచ్చిరావడానికి వెళ్ళింది. నాలుగో కాజా కోస్తుంటే బ్లేడు జారింది. చీలిక గుండీ కంటే పెద్దదైంది. దారంతో చుట్టూ బిగించాను. అక్కడ బట్ట ముడుచుకుపోయింది. గుండీ కుడితే ఊగింది. విప్పి మళ్ళీ కుట్టాను. వేలికి సూది గుచ్చుకుంది. చెమట పట్టింది. రేపు వేదిక మీద ఈ గుండీ ఊడితే? హాలు హాలంతా నవ్వుతుంది. అమావాస్య చొక్కా కదా మరి, అంటారు. ఒక్క గుండీతో నా వాదం మొత్తం ఊడిపోతుంది.

అప్పుడు నేనేం చేశానో ఇప్పటిదాకా ఎక్కడా రాయలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళాను. పోపుల డబ్బా తీశాను. వేలు తడిచేసి పసుపులో అద్ది, చొక్కా అంచు మడత లోపల బొట్టంత పెట్టాను. పైకి కనపడకుండా మడిచి, దాని మీదుగా కుట్టేశాను.

ఎందుకు? నమ్మానా? లేదు. నమ్మకుండానే పెట్టానా? అలాంటి పని ఎవరైనా చేస్తారా? చిన్నప్పుడు మా అమ్మ పెట్టేది కాబట్టి వేలు దానంతటదే వెళ్ళిందని ఒకప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను. అది కూడా అబద్ధమే. వేలు దానంతటదే వెళ్ళలేదు. ముందు తలుపు దగ్గరికి వెళ్ళి, ఆమె వస్తోందేమోనని చూశాను. మూఢుడు ఎవరూ చూడకూడదనుకోడు. నేను అనుకున్నాను. అన్నిటికంటే నన్ను వేధించిన సంగతి మరొకటుంది. పసుపు పెట్టాక చేయి వణకలేదు. కుట్టు తిన్నగా పడింది.

ఆదివారం కడపలో హాలు నిండిపోయింది. ఆమె రెండో వరుసలో కూర్చుంది. దొంగ స్వాములు పసుపు గుడ్డ మీద అమ్మవారి ఎర్రని చేతిగుర్తు ఎలా రప్పిస్తారో చేసి చూపించాను. ఏముంది, అరచేతికి సున్నపు నీళ్ళు పూసుకుని గుడ్డ మీద అద్దడమే. పసుపుకు సున్నం తగిలితే ఎర్రనవుతుంది. దిష్టి తీసే ఎర్రనీళ్ళూ ఇంతే కదా అన్నాను. చప్పట్లు. ఆ ఊపులో, పసుపు గుడ్డను తాకని రెండో చేతికి అంటిన సున్నపు తడిని, అలవాటు కొద్దీ, చొక్కా అంచుకు తుడుచుకున్నాను.

తెల్ల చొక్కా మీద ఎర్రని మరక తేలింది.

ముందు వరుసలోని పెద్దాయన ఒకరు లేచి నిలబడ్డారు. "ఏమప్పా, అమ్మవారు నీ చొక్కాలోకే దూరిండాదే!"

హాలంతా నవ్వు.

"పసుపు లేకుంటే ఎట్ల ఎర్రనయితాది సామీ? ఇప్పుడే గదా నువ్వు చెప్పినావు?"

ఆయన తర్కంలో లోపం లేదు. "నాకేం తెలుసప్పా, ఇది మా ఇంటామె పని," అన్నాను.

ఆయన వెనక్కి తిరిగారు. "ఏమ్మా, నువ్వేనా పెట్టింది?"

ఆమె నా వైపు చూసింది. నా ముఖంలో ఏం చదివిందో తెలియదు. లేచి నిలబడింది. "అవు పెద్దాయనా. నేనే పెట్టినా."

ఆ తర్వాత అరగంట నేను మాట్లాడినంత బాగా జీవితంలో ఎప్పుడూ మాట్లాడలేదు. నా ఇంట్లోకే, నా చొక్కాలోకే మూఢత్వం ఎలా జొరబడిందో చూడండి అన్నాను. మూఢత్వం అనగానే నా వేలు ఆడమనిషి వైపే వెళ్ళింది, జనం కూడా వెంటనే నమ్మారు. నేను దాన్ని వ్యాసంగా రాశాను. నా వ్యాసాలన్నిటిలో ఎక్కువమంది చదివింది అదే.

తిరుగు బస్సులో ఆమె ఒక్క మాటే అడిగింది. "కుట్టు మీద నమ్మకం లేకుంటే నన్నడగాల్సింది గదా? శానా గట్టిగా ఉండాదని చెప్పేదాన్ని." బొట్టంత పసుపును నమ్మినవాణ్ణి, ముప్పై జాకెట్లకు కొలతలు కంటితోనే చెప్పగల మనిషిని నమ్మలేకపోయాను.

పోయిన వారం కొందరు విద్యార్థులు ఫోన్ చేశారు. ఒక పుస్తకం వేస్తున్నారట, ఆ వ్యాసంతోనే మొదలుపెడతారట. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక అన్నం సహించలేదు. మళ్ళీ ఫోన్ చేసి, అది వద్దు, దాని బదులు ఇంకొకటి ఇస్తానన్నాను. మీరు చదువుతున్నది అదే. కింద పేరు ఉండదని వాళ్ళకు చెప్పాను.

ఈ ఉదయం ఆమెకు చదివి వినిపించాను. మిషను ఆపకుండానే విన్నది. అయిపోయాక చక్రం మీద చెయ్యి పెట్టి ఆపింది.

"అప్పుడు నా పేరు అచ్చేయించినావు. ఇప్పుడేమప్పా, నీ పేరు లేకుండా, నా పేరూ లేకుండా పాయనా?"

మళ్ళీ మిషను తొక్కింది. క్షమించిందా? నేను అడగలేదు. అడిగి, ఆమె చేత ఇంకొకసారి అవుననిపించే ధైర్యం నాకు లేదు.

ఆమె పేరు సరోజ. ఆ పేరు చూడగానే పాత వ్యాసం చదివినవాళ్ళకు నేనెవరో తెలిసిపోతుంది. తెలియనివ్వండి. సరోజ పసుపు పెట్టలేదు.